పళ్లెం మోగని షెడ్డు

మా మేనమామ పనిచేసేది మాంసం కోళ్ల షెడ్డులో. నోరు చూస్తే మాత్రం సంతలో ఉన్నట్టుంటుంది. చుట్టుపక్కల అందరూ ఆయన్ని మోతాయన అంటారు. రోజుకు ఆరుసార్లు షెడ్డులోకి వెళ్లి సత్తుపళ్లెం మీద గరిటెతో వాయించేవాడు. పడుకున్న కోడి మేత తినదు, తినని కోడి పెరగదు అని ఆయన సిద్ధాంతం. పళ్లెం మోగగానే వేల కోళ్లు టపటపమని రెక్కలు కొట్టుకుంటూ లేచేవి. "నన్ను చూస్తే వాటికెంత సంబరమో" అని మురిసిపోయేవాడు.

ఆ కోళ్లు చేరే కంపెనీలో నాది కోత బల్ల దగ్గర పని. మొన్నామధ్య ఒక బ్యాచ్‌లో, పైకి నిగనిగలాడే రొమ్ము కండను చీలిస్తే లోపలి కండ ఆకుపచ్చగా ఉంది. ఒకటి కాదు, బుట్టెడు. చీటీ చూస్తే మామయ్య షెడ్డు నంబరు. దాచేద్దామనిపించింది, అబద్ధమెందుకు? కానీ కంపెనీ డాక్టరుగారు నా వెనకే నిలబడి ఉన్నారు.

షెడ్డులో కొత్త పిల్లలు దిగి కాస్త పెరిగాక, ఆయనతో పాటు నేనూ వెళ్లాను. అప్పటికి ఆ కోళ్లకు నాలుగో వారం.

"ఇది అంటురోగం కాదు" అన్నారు డాక్టరుగారు. "బరువెక్కిన కోడి బెదిరి రెక్కలు తెగ కొట్టుకుంటే లోపలి కండ వాస్తుంది. చుట్టూ పొర బిగుతుగా ఉండి ఆ వాపుకు చోటుండదు. రక్తం అందక కండ చచ్చి ఆకుపచ్చగా మారుతుంది. వీటిని ఎవరు బెదరగొడుతున్నారు?"

"నా కోళ్లనా? కుక్కని కూడా గడప తొక్కనివ్వను. నా పిలుపుకి ఎలా లేస్తాయో చూద్దురుగాని" అంటూ మామయ్య పళ్లెం అందుకున్నాడు. నేను వద్దనేలోపే వాయించాడు.

షెడ్డంతా రెక్కలే. డాక్టరుగారు ఆ రెక్కల వంకే చూస్తున్నారు. మామయ్యకు అర్థమైంది. గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఇవింకా అంత బరువెక్కలేదు కాబట్టి మించిపోలేదు. ఈ బ్యాచ్‌లోనూ ఆకుపచ్చ కనిపిస్తే కంపెనీ నుంచి ఇక కోడిపిల్లల్ని పంపను" అన్నారు డాక్టరుగారు. షెడ్డు మూతపడితే అరవై దాటిన మనిషికి ఇంకో పని ఎవరిస్తారు?

తర్వాత రెండు వారాలు షెడ్డు పక్కనే ఉన్న వాళ్ల ఇంట్లో గిన్నె కింద పెట్టాలన్నా భయమే. మామయ్య చెప్పులు మానేసి గుడ్డ బూట్లతో గోడవారగా నడిచేవాడు. తుమ్మొస్తే తువ్వాలు నోట్లో కుక్కుకునేవాడు. "పెళ్లయినప్పటి నుంచి మోత తగ్గించమని చెప్పీ చెప్పీ నా నోరు అరిగింది. ఈయనకి డాక్టరు మాటే ఎక్కింది" అంది అత్తయ్య. అదీ గొంతు తగ్గించే అంది.

ఆ కోళ్లు నా బల్ల మీదికి వచ్చాయి. మొదటిది చీల్చాను. లేత గులాబీ రంగు. పదోది, నూరోది, అన్నీ అంతే. డాక్టరుగారు తలూపి వెళ్లిపోయారు. వెంటనే మామయ్యకు ఫోన్ చేశాను.

"అన్నీ బాగున్నాయి మామయ్యా. కొత్త పిల్లలు వస్తాయి."

"అలాగా తల్లీ" అన్నాడు గుసగుసగా.

"షెడ్డు ఖాళీయేగా, ఇప్పుడైనా గట్టిగా మాట్లాడు."

మామయ్య గొంతు పెంచలేదు. అంతే నెమ్మదిగా అన్నాడు: "రోజుకి ఆరుసార్లు లేపేవాణ్ణమ్మా. భయంతో, నొప్పితో కొట్టుకుంటుంటే, నన్ను చూసి సంబరపడుతున్నాయనుకున్నాను."