బావిలో బుడగలు ఆగితే

ఎనభై నాలుగు మే నెల, రెండో మంగళవారం, పొద్దున పదీ ఇరవై. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు, గడియారం అసలే రాదు. గాలి మిషను తెచ్చినాయన చేతి వాచీ చూసి పైకి చెప్పాడు కాబట్టి తెలుసు.

ఆగిరిపల్లి దగ్గర మేం పనిచేసే మామిడితోటలో బావి మోటారు నీళ్లు తోడటం మానేసింది. అడుగున పైపు నోటికుండే ఫుట్‌వాల్వు బిగుసుకుంది. కొత్త అంటుమొక్కలు ఎండిపోతున్నాయి. మా ఆయన బావుల్లో దిగేవాడే గానీ, ఈసారి మూడు నిలువుల నీళ్లు. ఊపిరి బిగబడితే సరిపోదు. హనుమాన్ జంక్షన్ నుంచి లారీ టైర్లకు గాలి కొట్టే మిషను తెప్పించారు. ఇంజను గట్టు మీద, గొట్టం ఆయన నోట్లో. నడుముకి తాడు, మునగడానికి ఓ రాయి.

ముందురోజు సాయంత్రం అడిగాను.

"ఏవయ్యా, గాలి ఆగిపోతే?"

"ఆగదే."

"ఆగితే అంటున్నా."

"మూడుసార్లు తాడు గుంజుతా. తమ్ముడు పైకి లాగుతాడు."

"ఏదీ, చూపించు."

ఆయన్ని గడ్డివాము వెనక కూర్చోబెట్టి, తాడు రెండో కొస మా మరిదికిచ్చాను. ఆయన మూడుసార్లు గుంజాడు. మా మరిది హాయిగా తాడు వదిలాడు! కాయ కోసేవాళ్ల అలవాటు అది. చెట్టు మీంచి బుట్ట దింపేటప్పుడు కిందవాడు తాడు గుంజితే, ఇంకా వదలమని.

అంతా పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "ఇవాళ గడ్డివాము గనక బతికాడు. గుంజుళ్లు నమ్మను. బుడగలు ఆగితే నేను అరుస్తా. అరిస్తే లాగాలి, ఎందుకని అడక్కూడదు." మునిగే రాయిని మా ఆయన పీటముడి వేసి కట్టుకున్నాడు. అది విప్పించి, గేదెని కట్టేటప్పుడు నేను వేసే ముడి వేశాను. కొస పట్టి ఒక్క లాగు లాగితే ఊడిపోతుంది.

నీళ్లలో దిగేవాడి తాడు దగ్గర ఆడది ఉండకూడదని మావాళ్ల పట్టింపు. మా ఆయనా అదే అన్నాడు.

"అయితే నువ్వు దిగకు," అన్నాను.

పొద్దున పదీ ఇరవైకి ఆయన దిగాడు. నేను గట్టు మీద బోర్లా పడుకుని నీళ్లే చూస్తున్నా. "వదిన కప్పల్ని లెక్కపెడుతోంది," అన్నాడు మా మరిది. ఇంజను డబడబా కొట్టుకుంటోంది. బుడగలు సన్నబడ్డాయి. ఆగాయి. ఇంజను మాత్రం అలాగే మోగుతోంది. గాలి మిషను తిప్పే బెల్టు ఊడటం ఎవరూ చూడలేదు. తాడు కదిలింది. మా మరిది మళ్లీ వదిలాడు!

"లాగరా!"

నేనూ పట్టుకున్నాను. చేతులు చీరుకుపోయాయి. రాయి ముడి ఊడదీసుకుని ఉన్నాడేమో, మనిషి తేలిగ్గా వచ్చాడు. దగ్గీ దగ్గీ, "ఎవడ్రా తాడు వదిలింది?" అన్నాడు.

"అలవాటన్నయ్యా," అని మా మరిది ఏడ్చేశాడు.

ఫుట్‌వాల్వు మర్నాడు బాగుచేశాడు. బుడగలు చూడమని నన్ను తనే పిలిచాడు. పైకొచ్చిన పూట మాత్రం చెట్టు కింద కూర్చుని నాలుగు చిన్న రసాలు పిండుకు తిన్నాడు. మీసాల నిండా రసం. తుడుచుకోమని నేను చెప్పలేదు. చూస్తూ కూర్చున్నా. ఆ బావి పూడ్చి బోరు వేశారు. ఆయనా పోయి చాలా కాలమైంది, మంచం మీద, నిద్రలో.

ఆ రోజు గట్టు మీద ఉన్నవాళ్లు: గొడుగేసుకుని తోట ఆసామి, వాచీ పెట్టుకున్న గాలి మిషనాయన, కాయ కోసేవాళ్లు ఇద్దరు, మా మరిది, నేను. పదీ ముప్పావుకల్లా మా ఆయన కూడా.