గేటు తీసిన గోపన్న

దేవేంద్రప్పకు ఒకటే పిచ్చి: ముత్తాత గోపన్న. డోన్ బస్సులో పక్కసీటు మనిషి టైమెంతని అడిగినా చాలు, “మా గోపన్న పటాలంలో ఉన్నప్పుడు గడియారాలు యాడివప్పా?” అని మొదలుపెట్టేవాడు. పాపం ఆ అడిగినాయన దిగాల్సిన స్టాపు దాటిపోయేది.

ఏ పటాలమంటే, కొండమడుగు పాళెగాడు పోయాక కోట కోసం ఆయన కొడుకులిద్దరూ కొట్టుకున్నారు. సగం ఊరు అన్నవైపు, సగం తమ్ముడివైపు. అన్న కాల్బలంలో గోపన్న ముందువరస సిపాయని దేవేంద్రప్ప నమ్మకం. ఆధారం ఒక ఇత్తడి బిళ్ల. దాని మీద ‘లస్కరు, 14’ అని ఉంది. “లష్కరంటే దండు. మావోడు పద్నాలుగో దండు!” అని దాన్ని రోజూ చింతపండుతో తోమి చొక్కాకు తగిలించుకునేవాడు. మజ్జిగ కోసం వంటింట్లోకి కూడా కవాతు చేస్తూనే వచ్చేవాడు.

“మజ్జిగకు సెల్యూట్ ఎందుకు మామా?” అనేది కోడలు నాగజ్యోతి.

“అలవాటు పోతాది జ్యోతమ్మా!”

ఆ యుద్ధంలో ఎవరో లోపలినుంచి కోట గేటు తీశారట, దాంతో అన్న ఓడిపోయాడట. తీసింది పక్కవీధి ఓబులమ్మ వాళ్ల వంశంలో పాతకాలం పెద్దోడని ఊరి మాట. సాక్ష్యం లేదుగానీ రెండువందల ఏళ్ల ఎగతాళి మాత్రం ఉంది. ఆ ఇంటికి పేరే ‘గేటోళ్లు’. మొన్న ఓబులమ్మ పాలకేంద్రం తాను చూసుకుంటానని అడిగితే, “గేటోళ్ల చేతికి బీగమా?” అని ఊరంతా పగలబడి నవ్వింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెళ్లిపోయింది. ఆ రోజు దేవేంద్రప్ప కవాతు చేయలేదు.

తర్వాత నాలుగు రోజులు ఎక్కడెక్కడో తిరిగొచ్చి, ఊరంతా చాటింపు వేశాడు. “ఆదివారం మా గోపన్న చరిత్ర బయటపెడతాండా. అందరూ పాలకేంద్రం కాడికి రాండి!”

శనివారం నాగజ్యోతి నెత్తిన పిడుగు పడింది. కర్నూలులో కాలువల ఆఫీసులో ఆమె కొత్తగా చేరింది. పాత రిజిస్టర్లు సర్దుతుంటే ఒక పేజీ: ‘గోపన్న, లస్కరు, బిళ్ల నెంబరు 14.’

“పరమేష్ సార్, లస్కరంటే సిపాయా?” అని పక్కబల్ల గుమాస్తాను అడిగింది.

“సిపాయేంది మేడమ్! కాలువ గేట్లు తీసి మూసేటోడు.”

నాగజ్యోతి రిజిస్టరు మీది ఏడాది చూసింది. ఆ కాలువ తవ్వేనాటికి అన్నదమ్ముల యుద్ధం ముగిసి అరవై ఏళ్లు! రేపు ఊరి ముందు మామ పరువేం కావాలి?

ఆ రాత్రి చివరి బస్సు తప్పిపోయింది, మామ ఫోనెత్తలేదు. ఆదివారం ఎలాగైనా ఆపాలని పరుగెత్తిందిగానీ, ఆమె చేరేసరికే దేవేంద్రప్ప బల్లెక్కి సెల్యూట్ కొట్టేశాడు.

“అప్పా, వినండి! గేటు తీసింది మా గోపన్న! రాసిన కాగితమే ఉండాది. గేటోళ్లం మేమప్పా!”

జనం నోళ్లు తెరిచారు. ఓబులమ్మ కొంగు జారిపోయినా చూసుకోలేదు. “ఏమప్పా, సొంత ముత్తాతనే అంటాండావా?” అని గుంపులోంచి రామకృష్ణ అనే ఆయన కేకేశాడు. దేవేంద్రప్ప చొక్కా మీది బిళ్ల విప్పి జేబులో వేసుకొని బల్ల దిగాడు.

ఇంటికి రాగానే నాగజ్యోతి నిలదీసింది. “మామా! గోపన్న తాత కాలువ లస్కరు!”

“తెలుసమ్మా. కోట గేటు ఎవురు తీసినారో కనుక్కుందామని అన్ని ఆఫీసులూ తిరిగినా. నువ్వు సెలవు పెట్టిన దినం మీ ఆఫీసుకూ వచ్చినా. ఆ గేటు దొరకలే, మన గేటు దొరికింది.”

“మరి ఊరంతటికీ అబద్ధం చెప్తావా?”

“యాడ అబద్ధం? మా గోపన్న గేటు తీసినాడు. దినామూ తీసినాడు. కోట గేటని నేనంటినా?”

బతుకంతా తోమి మెరిపించిన ముత్తాతను ఈ మనిషి ఒక్క పూటలో ఓబులమ్మ కోసం ఇచ్చేశాడు. నాగజ్యోతి మజ్జిగ తెచ్చిచ్చి, తనే సెల్యూట్ కొట్టింది.

వారం తిరక్కుండా బీగం చెవులు ఓబులమ్మ నడుముకు చేరాయి. మొదటిరోజు పొద్దున్నే దేవేంద్రప్ప పాలక్యాను పట్టుకొని కవాతు చేస్తూ వెళ్లాడు. ఓబులమ్మ గడపలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగప్పా! గేటోళ్లు బయటే నిలబడాల. క్యాను ఈడ పెట్టు.”

దేవేంద్రప్ప మడమలు కలిపి నిలబడ్డాడు. ముఖం వెలిగిపోతోంది. “అట్లే మేడమ్! మా గోపన్న పటాలంలో ఉన్నప్పుడు కూడా...”

“మీ గోపన్న సంగతి శానా తెలిసిందిలేప్పా, పాలు పొయ్యి!”