మా కారు హ్యాండ్ బ్రేక్ ఎవరి కోసం బాగైందంటే

ఆర్నెల్లుగా మొత్తుకుంటున్నాను, శంషాబాద్‌లో మా ఇంటి ముందు వాలులో కారు హ్యాండ్ బ్రేక్ పట్టడం లేదని. "ఆటోమేటిక్ కదే, పార్కింగ్‌లో పెడితే ఎక్కడికీ పోదు" అనేవారు మా ఆయన. నాకేమో భయం. చక్రం కింద పెట్టడానికి డిక్కీలో ఒక బండరాయి వేసుకుని తిరుగుతున్నాను.

ఈ రోజు పొద్దున్నే ఆయనే "పద, బ్రేక్ బాగు చేయిద్దాం" అన్నారు. పొంగిపోయి పెసరట్లలో ఉప్మా కూడా పెట్టాను.

మైలార్‌దేవ్‌పల్లిలో మెకానిక్ కేబుల్ బిగించి, లివర్ లాగి చూపించాడు.

"ఇగ చూడక్కా, జర గుంజితే చాలు, వెనక టైర్లు జామ్ అయితయ్. అన్న సాయంత్రం రావిర్యాల దిక్కు ఖాళీ రోడ్డు మీద డ్రిఫ్టింగ్ నేర్చుకుంటడంట గద!"

"డ్రిఫ్టింగ్ అంటే?"

"కారు ఉరుకుతుండంగనే హ్యాండ్ బ్రేక్ గుంజి, గిర్రున తిప్పుడు."

మా ఆయన పక్కనున్న పాత టైర్లను మహా శ్రద్ధగా చూస్తున్నారు. నేను నడిపేటప్పుడు స్పీడు నలభై దాటితే "మెల్లగా, మెల్లగా" అని గుండె పట్టుకునే మనిషి ఈయనే!

తాళం ఇప్పుడు నా దగ్గరుంది. బ్రేక్ బాగైంది కాబట్టి డిక్కీలో రాయికి ఇక పని లేదు. దాన్ని దేనికి వాడమంటారో మీరే చెప్పండి.