అవ్వ మాట మీద పాట

మా చిన్నప్పుడు పెళ్లింట్లో కెమెరా కనిపించకముందే మా శంకర్ మామ గొంతు వినిపించేది... "జరుగుండ్రి, జరుగుండ్రి, వీడియో తీస్తున్న" అని. దుబాయి నుంచి వస్తూ అరచేతిలో ఇమిడే వీడియో కెమెరా తెచ్చుకున్నాడు మరి... ఎల్లారెడ్డిలో మా వాడకట్టు మొత్తానికి అదొక్కటే.

అక్క పెళ్లి వీడియో తీసింది ఆయనే. అప్పుడు నాకు పదేళ్లు. కెమెరా ముందుకొచ్చిన ప్రతి ఒక్కరూ ఫోటోకు నిలబడ్డట్టు బిగుసుకుపోయేవాళ్లు... మా అవ్వ తప్ప. అవ్వ అంటే మా అమ్మే, మా ఇంట్లో అట్లాగే పిలిచేవాళ్లం. బిడ్డ పెళ్లినాడు కూడా ఆమెకు నిలబడే తీరిక ఎక్కడిది... కొంగు నడుముకు దోపుకుని అన్నం వండే పెద్ద గంజుల దగ్గరే ఉంది.

మామ ఆ చిన్న క్యాసెట్టును కామారెడ్డిలో ఒక స్టూడియోకిచ్చి సీడీ చేయించాడు. ఆ స్టూడియో ఆయన పుణ్యమా అని మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలే... అసలు మాటలన్నీ తీసేసి పాటలు నింపేశాడు. అప్పట్లో అదే గొప్ప. మేమూ మురిసిపోయాం.

మరుసటి ఏడాది అవ్వ జ్వరంతో పోయింది... ఫోన్లలో గొంతు దాచుకునే రోజులు కావవి. మాకు మిగిలింది సీడీలో కొన్ని క్షణాల అవ్వ. గంజు మీంచి తలెత్తి, మామ వైపు చెయ్యి ఊపి, ఏదో అంటుంది. నోరు కదులుతుంది, పాట వినిపిస్తుంది. వెంటనే కెమెరా నా మీదికి తిరుగుతుంది... రెండు బుగ్గల్లో లడ్డూలు కుక్కుకుని నేను.

ఏమన్నదో అని ఇన్నేళ్లూ మా ఇంట్లో పంచాయితీ. నన్నే పిలిచింది అంటాడు బాపు, అంటే మా నాన్న. నన్ను తిట్టింది అంటుంది అక్క. లడ్డూలు ఎత్తుకొచ్చినందుకు నా మీద మామకు చాడీ చెప్పిందని నా అనుమానం.

మొన్న మామ ఇంటికి సున్నం వేయిస్తుంటే బిస్కెట్ల డబ్బాలో ఆ కెమెరా, ఆ చిన్న క్యాసెట్టు దొరికాయి. అసలు క్యాసెట్టు... పాటలు ఎక్కించకముందుది. వెంటనే పోయి రెండూ తెచ్చుకున్నాను.

ఇక దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేదెట్లా... స్టూడియోకిద్దామంటే మనసు రాలేదు. ఉన్నదొక్కటే క్యాసెట్టు, పైగా ఆ పాటల మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. కంప్యూటర్‌లో ఒక కార్డు బిగిస్తే బొమ్మ బాగా వస్తుందన్నారు... నా ల్యాప్‌టాప్‌లో ఆ కార్డుకు చోటే లేదు, దాని కోసం ఇంకో కంప్యూటర్ కొనే స్తోమతా లేదు. చివరికి కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఒక దుకాణం ఆయన పెన్‌డ్రైవ్ లాంటి ముక్క చూపించాడు. ఒక కొస ల్యాప్‌టాప్‌కు, ఇంకో కొసన పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు కెమెరాకు. మంచోడు, ధర తక్కువని నేను మురిసేలోపే చెప్పాడు... "అక్కా, అగ్గువదే గని బొమ్మ సాఫ్ రాదు" అని. బొమ్మ సంగతి వదిలెయ్, గొంతు వస్తదా అని అడిగాను. వస్తదన్నాడు, తీసుకున్నాను.

ఆదివారం బాపును పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను. ల్యాప్‌టాప్‌లో బొమ్మ వచ్చింది, చప్పుడు లేదు... తర్వాత వస్తుందిలే అని గంటసేపు అట్లాగే రికార్డు చేశాను. తీరా పెట్టి వింటే కుక్కర్ విజిల్... వీధిలో కూరగాయల బండి. వైర్లు సరిగ్గానే పెట్టాను గాని, ల్యాప్‌టాప్ సొంత మైకును మార్చడం మరిచాను. అది అవ్వ మాటలు వదిలేసి మా ఇంటి చప్పుళ్లు పట్టుకుంది. నా తెలివి తెల్లారినట్టే ఉంది అనుకుంటుండగా, అవ్వ తలెత్తి చెయ్యి ఊపే చోటు వచ్చింది. అక్కడ బాపు గొంతు, చాలా మెల్లగా...

"ఇగో, వస్తున్ననే."

పక్కనే కూర్చుని కూడా అప్పుడు నాకు వినబడలేదు.

మైకు మార్చి మళ్లీ ఎక్కించాను. ఈసారి పాటలు లేవు. డప్పులు, ఎవరిదో పిల్ల ఏడుపు, గరిటెల చప్పుడు... ఆ తర్వాత, ఇన్నేళ్లకు, కొంచెం బొంగురుగా మా అవ్వ.

"నన్నేం తీస్తవ్ తమ్మీ, రీలు ఒడుస్తది. చిన్నదాన్ని తియ్యి... పొద్దుగాల సంది అది ఒక్కదాంట్ల గూడ లేదు."

అదీ సంగతి. కెమెరా దానంతటది నా మీదికి తిరగలేదు. రీలు అయిపోతుందని తన వంతు నాకిచ్చేసింది... అందుకే సీడీలో అవ్వ అంత కొంచెమే ఉంది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. బాపు మాత్రం, నన్ను పిలవలేదా అని చిన్నబుచ్చుకున్నాడు. కాసేపటికి మళ్లీ పెట్టమన్నాడు.

ఆ మొదటి రికార్డింగు నేను తుడిచెయ్యలేదు... అందులో బాపు ఉన్నాడు.

ఇప్పుడు ఫోన్లో ఎంత తీసినా రీలు ఒడవదు. నా పిల్లలవి వందల వీడియోలు ఉన్నాయి... నిన్న కూర్చుని అన్నీ వెతికాను, ఒక్కదాంట్లోనూ నేను లేను. మీ ఇంట్లో ఏ డబ్బాలో ఎవరి గొంతు ఉందో ఒకసారి చూడండి... దొరికితే, ఏమన్నారో నాకూ చెప్పండి.