గెడ్డ వార చేను

నిన్న మధ్యాహ్నం మా మేనకోడలు గణాంకాల ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా అరుగు మీద కూలబడింది. "ఊరి లెక్కలివ్వరట అత్తా. కంప్యూటర్లో జిల్లా సగటుంటాది, సూసుకోమన్నారు." శృంగవరపుకోట దగ్గరి మెట్ట ఊళ్ళు చోళ్ళు, అంటే రాగులు, వేయడం ఎందుకు మానేశాయన్నది దాని పరిశోధన. ఆ ఊళ్ళలో మాదీ ఒకటి. ఊరి దిగుబడి తెలియకపోతే ఇన్నేళ్ళ శ్రమా గంగపాలే. జిల్లా సగటంటే కొండవార ఎండిందీ, కాలవ కింద పండిందీ ఒకే కుండలో పోసి కలిపెయ్యడం. నాకు ఒళ్ళు మండింది. మా పంట లెక్క మా పిల్లకిస్తే వాళ్ళ సొమ్మేం పోతుంది?

ఒకప్పుడు మా చిన్నాన్నదీ ఆ ఆఫీసులోనే ఉద్యోగం. పంట కోత ప్రయోగమని పేరు ఘనంగా ఉండేది గానీ, చేసేదల్లా చీటీ తీస్తే వచ్చిన చేనుకు వెళ్ళి, మేకులు దిగ్గొట్టి, తాడు కట్టి, ఆ చదరంలో పంట కోసి, నూర్చి తూచడమే. ఊరి దిగుబడి దాన్నిబట్టే కట్టేవారు. వానలు మొహం చాటేసిన ఓ ఏడాది చీటీ మా చేనుకే తగిలింది. చూస్తే అంతా తాలు. మా వైపు, వచ్చినవాడికి ఎండిన చేను చూపించడమంటే చిరిగిన చాప వేయడమే. మా నాన్న తాడు పట్టుకుని, "ఒరే, ఈ తాలు ఆఫీసులో సూపిస్తావేటి? మన పరువేటవుతాది! గెడ్డ వార చేన్లో కొయ్యి" అన్నాడు. వాగు తడికి అదొక్కటే పచ్చగా ఉంది. అన్నగారి మాట కాదనడం చిన్నాన్నకు చేతకాదు. ఆ అంకె ఊరంతటికీ అంటుకుంది. కరువు సాయం పక్క ఊళ్ళదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకాగిందో అప్పుడు ఎవరికీ తెలియలేదు. నాన్న కూడా అందరితో కలిసి ఆఫీసర్లను తిట్టాడు. ఆ అంకె పంచాయతీ గోడ మీద రాసుంటే, ముందు తగువుకు దిగేవాడూ ఆయనే.

నిన్న వాలుకుర్చీలోంచి ఇదంతా చెప్పి చిన్నాన్న, "ఇస్తే మాత్రం అందులో ఏటుంటాదమ్మా? మీ తాత పరువుంటాది" అన్నాడు.

"అయితే మరీ కావాల చిన్నతాతా. దాసేస్తే ఈ తప్పు ఎవులు సూస్తారు?" అంటూ పిల్ల లేచింది. చిన్నాన్న కర్ర అందుకుని, ఆ తప్పు సంగతి ఆఫీసులో నేనే చెబుతానంటూ వెంట నడిచాడు.

సాయంత్రం ఇద్దరూ ఉత్త చేతులతోనే ఆటో దిగారు. అమ్మ అంబలిలో నీళ్ళు పెంచుకుంటూ మమ్మల్ని ఈడ్చుకొచ్చిన ఆ ఏడాది, ఆఫీసు బీరువాలో ఇప్పటికీ మంచి కాలమే.