రుచి చూడని వంట

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇంట్లో ఏ కార్యం తలపెట్టినా తెలుగువాళ్ళు పురోహితుడికంటే ముందు ఆదిశేషుకి ఫోన్ చేస్తారు. పురోహితులు అరడజను మంది ఉన్నారు. మడిగా వండిపెట్టే మనిషి మాత్రం ఒక్కడే. ఆయనకి అరవై రెండేళ్ళు. ఇరవై ఆరేళ్ళ క్రితం ఒక గుడి వంటశాలలో ప్రసాదాలు చేయడానికి టెక్సస్ వచ్చాడు. మోకాళ్ళు అరిగాక గుడి మానేసి, ఇళ్ళకి వెళ్ళి వండటం మొదలుపెట్టాడు.

ఆయనకి పేరు తెచ్చింది ఒకే ఒక్క అలవాటు. వండేటప్పుడు రుచి చూడడు. దేవుడికో, పితృదేవతలకో పెట్టాల్సింది ముందు తన నాలుక మీద వేసుకుంటే అది ఎంగిలైపోతుంది. అందుకని మూత తీసి, ఆవిరి మీదికి ముఖం వంచి, ఒక్కసారి గాలి పీల్చి, "ఇంకో అర చెంచా పడుతుంది" అంటాడు. ఉప్పు చాలని పులుసు వాసన వేరు, సరిపోయిన పులుసు వాసన వేరు అంటాడు. ఇక్కడ పుట్టిన పిల్లలు దాన్ని ఫోన్లలో వీడియో తీసుకునేవాళ్ళు.

కిందటేడుకి ముందటి డిసెంబరులో ఆయనకి జ్వరం వచ్చింది. నాలుగో రోజు భార్య మీనాక్షి కాఫీ ఇస్తే, ఊరికే వేడినీళ్ళు తాగుతున్నట్టనిపించింది. జ్వరం తగ్గింది గానీ కాఫీ తిరిగి రాలేదు. ఇంగువ డబ్బాలో ముక్కు పెట్టి పీల్చాడు, ఏమీ లేదు. కరివేపాకు నలిపి చూశాడు, అదీ లేదు. నాలుక మీద ఉప్పు, పులుపు, తీపి, చేదు మాత్రం తెలుస్తున్నాయి. డాక్టరు కొందరికి తిరిగి వస్తుందని, కొందరికి రాదని, ఎదురుచూడమని చెప్పాడు.

ఎదురుచూశాడు. ఈలోగా వంటలు ఆపలేదు. మీనాక్షిని వెంట తీసుకెళ్ళేవాడు. ఆవిడ పక్కన కూరగాయలు తరుగుతూ, ఉప్పు చాలకపోతే ఒకసారి, పోపు దించాలంటే రెండుసార్లు దగ్గేది. ఆవిడ ముక్కు ఆయన ముక్కంత పదునైంది కాదు గానీ, ముప్ఫై అయిదేళ్ళు ఆయన పక్కన నిలబడిన ముక్కు. పని గడిచిపోయింది. "మీనాక్షి గారూ, ఆ దగ్గేమిటండీ, ఎవరికైనా చూపించుకోండి" అని ఇళ్ళవాళ్ళు జాలిపడేవాళ్ళు. ఇంటికొచ్చేటప్పుడు కారులో ఇద్దరూ కాసేపు నవ్వుకునేవాళ్ళు. మొదట్లో.

శశికాంత్ ఉద్యోగం నుంచి రిటైరై, పెద్దవాళ్ళని టూర్లకి తిప్పుతుంటాడు. ఈసారి దక్షిణ అమెరికా, ఇరవై ఇద్దరు మనుషులు, పదహారు రోజులు. బ్యూనస్ ఎయిరెస్ నగరం, మెండోజా ద్రాక్షతోటలు, బరిలోచే సరస్సులు, చివర శాంటియాగో. వచ్చేవాళ్ళంతా రిటైరైన డాక్టర్లు, ఇంజనీర్లు. ప్రపంచమంతా చూడాలి, కానీ మూడో రోజుకల్లా అన్నంలో చారు పడాలి. అందుకని శశికాంత్ టూర్లలో వంటవాడు కూడా వెళ్తాడు. ఈసారి ఆదిశేషుని రమ్మన్నాడు. వంటవాడికి ఒక్కటే సీటు, మీనాక్షికి లేదు.

ఆదిశేషు మోకాళ్ళని వంక పెట్టి తప్పించుకుందామనుకున్నాడు. అప్పుడు దమయంతి ఫోన్ చేసింది.

దమయంతికి డెబ్భై నాలుగేళ్ళు. నలభై ఏళ్ళు ఆసుపత్రిలో ఆపరేషన్లకి మత్తు ఇచ్చిన డాక్టరు. భర్త సూర్యప్రకాశరావు పోయి మూడేళ్ళయింది. పిల్లలు లేరు. ఏటా ఆయన తిథి నాడు ఆదిశేషు వెళ్ళి మడిగా వండితే, ఆయన ఫోటో ముందు వడ్డించి, ఒక పెద్దమనిషికి భోజనం పెట్టి, తర్వాత ఆవిడ తినేది. ఈ ఏడు తిథి టూర్ మధ్యలో వచ్చింది.

"ఆ లేకులు చూడాలని ఆయన ఎంత కొట్టుకున్నారో మీకు తెలుసుగా ఆదిశేషు గారూ. అక్కడే పెడదామనుకుంటున్నా. కిచెన్ ఉన్న కాటేజ్ బుక్ చేయమని శశికాంత్‌కి చెప్పా. మీరు రానంటే నేనూ వెళ్ళను."

"ఆ ఊళ్ళో మడీ అదీ కుదురుతుందో లేదోనమ్మా."

"మీరుంటే కుదురుతుంది."

కారణం చెప్పకుండా కాదనలేడు. చెప్తే ఆ ఒక్క ఇంటితో ఆగదు. హోటల్లో వంటవాడికైతే నాలుక ఉంటే చాలు. తనని పిలిచేది హోటల్ వంటకి కాదు. రుచి చూడకుండా వండుతాడని పిలుస్తారు. ముక్కు పోయిందని తెలిసిన మర్నాటి నుంచి ఫోన్ మోగదు. అరవై రెండేళ్ళ వయసులో ఇంకేం చేస్తాడో ఆయనకి ఎంత ఆలోచించినా తట్టలేదు. "వస్తానమ్మా" అన్నాడు.

మీనాక్షి ఒక నోటుపుస్తకంలో కొలతలన్నీ రాసిచ్చింది. ఇంతమందికి ఇంత పప్పు, ఇన్ని నీళ్ళు, మన స్టీలు చెంచాతో ఇన్ని చెంచాల ఉప్పు. "లెక్క తప్పకండి. గుర్తుందని పుస్తకం చూడకుండా ఉండకండి" అంది. ఎయిర్‌పోర్టులో కూడా అదే అంది.

బ్యూనస్ ఎయిరెస్‌లో లెక్క తప్పలేదు. మెండోజాలో తెచ్చుకున్న ఉప్పు అయిపోయింది. అక్కడి దుకాణంలో కొన్న ఉప్పు గళ్ళుప్పులా పెద్ద పలుకులుగా ఉంది. ఆయన పుస్తకం చూసి, అదే చెంచాతో అన్ని చెంచాలే వేశాడు. పలుకుల మధ్య ఖాళీ ఉంటుందని, చెంచాలో పట్టే ఉప్పు తక్కువని ఆ హడావిడిలో తోచలేదు. పాతరోజుల్లోనైతే మూత తీయగానే ముక్కు చెప్పేది.

"బాబాయ్, అందరికీ బీపీ ఉన్నదని ఎవరన్న చెప్పిన్రా మీకు?" అన్నాడు శశికాంత్, సాంబారు కలుపుకుంటూ. బల్ల చుట్టూ నవ్వులు.

"నీళ్ళ తేడా బాబూ" అన్నాడు ఆదిశేషు.

దమయంతి ఉప్పు డబ్బా దగ్గరికి లాక్కుంది. మూడేళ్ళలో ఆయన వంటలో ఆవిడ ఉప్పు కలుపుకోవడం అదే మొదలు.

మర్నాడు ద్రాక్షతోటకి వెళ్ళారు. కోతల కాలం. వరసల చివర బుట్టలు, వెనకాల మంచు కొండలు. ఆదిశేషు బస్సులోనే ఉంటానన్నాడు గానీ ఉండనివ్వలేదు. లోపల ఒక అమ్మాయి పది నల్లగాజు గ్లాసులు వరసగా పెట్టింది. వైన్‌లో ఏయే వాసనలు ఉంటాయో కనిపెట్టడానికి అదొక ఆట. గ్లాసు అడుగున దూది, దాంట్లో వాసన. ఏముందో కంటికి కనపడదు. వైన్ తాగనివాళ్ళు కూడా ఉత్సాహంగా ముక్కులు పెట్టారు.

"ఇట్ల కాదు, మా బాబాయ్‌ని పిలువున్రి. ఆయనది ముక్కు కాదు, మిషను" అని శశికాంత్ ఆయన భుజం పట్టుకుని ముందుకి తోశాడు.

చేతిలో గ్లాసు పెట్టారు. ఆదిశేషు అలవాటుగా ముఖం వంచి, ఒక్కసారి గాలి పీల్చాడు. చల్లగాలి లోపలికి వెళ్ళింది, అంతే. అందరూ ఎదురుచూస్తున్నారు.

"యాలకులు" అన్నాడు.

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపి ఏదో చెప్పింది. శశికాంత్ పగలబడి నవ్వాడు. "పొగ అంట బాబాయ్. కట్టెల పొగ."

"జీవితమంతా పొగలో ఉన్నాయన, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు లెండి" అని ఎవరో సర్దారు. ఆదిశేషు కూడా నవ్వాడు. దమయంతి ఆ గ్లాసు తీసుకుని వాసన చూసింది. వెంటనే ముఖం పక్కకి తిప్పేసుకునేంత ఘాటుగా ఉంది. ఆవిడ ఆదిశేషు వైపు చూసి, గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

ఆ సాయంత్రం ఆయన మీనాక్షికి ఫోన్ చేసి, ఎల్లుండి తిథి అని, పులుసు ఎలాగో తోచడం లేదని చెప్పాడు.

"చెప్పేయండి ఆవిడకి" అంది మీనాక్షి.

"చెప్తే ఆ రోజు వంటెవరు చేస్తారే?"

మీనాక్షి పుస్తకం చూసుకోమంది మళ్ళీ.

బరిలోచేలో కాటేజ్ సరస్సుకి నలభై అడుగుల దూరం. తిథి రోజు తెల్లవారగానే మిగతావాళ్ళంతా బోటు షికారుకి వెళ్ళారు. ఒంటిగంటకి తిరిగొస్తారు. వచ్చాక భోజనం పెట్టాల్సిన పెద్దమనిషిగా శశికాంత్‌కి ముందు వడ్డించాలి. ఆదిశేషు చన్నీళ్ళ స్నానం చేసి, తడిపి ఆరేసిన పంచె కట్టుకుని స్టవ్ ముందు నిలబడ్డాడు. పెసరపప్పు, అరటికాయ కూర, నువ్వుల పొడి, పులుసు, గారెలు, పరమాన్నం. దమయంతి లోపల కూర్చుని జపం చేసుకుంటుందని, ఆవిడ అటు తిరిగినప్పుడు ఒక్క బొట్టు పులుసు నాలుకకి తాకించవచ్చని ఆయన మనసులో ఒక మూల ఉంది. దానికి ఆయనకే సిగ్గుగా ఉంది.

దమయంతి కుర్చీ తెచ్చి వంటింటి గుమ్మంలో వేసుకుంది.

"ఇక్కడ చలమ్మా, లోపల కూర్చోండి" అన్నాడు.

"ఇక్కడే బాగుంది."

చెంచా నాలుకకి తాకించే దారి పోయింది. ఆయన వెనకపొయ్యి మీద నువ్వులు వేసి, ముందుపొయ్యి మీద నూనెలో గారెలు వేయడం మొదలుపెట్టాడు. నువ్వులు చిటపటమన్నప్పుడు దించాలి. ఈమధ్య ఆయన వంటంతా చెవులతోనే. కానీ గారెల నూనె చప్పుడు పెద్దది, బయట సరస్సు మీద గాలి అంతకంటే పెద్దది. అరచేతిలో పిండి తడుతూ, చిల్లు పెడుతూ, నూనెలోకి జారవిడుస్తూ ఆయన వెనక్కి తిరగలేదు.

దమయంతికి వాసన తగిలింది. మాట్లాడలేదు. పొగ సన్నగా లేచింది. అప్పుడూ మాట్లాడలేదు. మత్తు ఎక్కిందో లేదో చూడటానికి మనిషి ముఖంలోకి చూసినట్టు చూస్తూ కూర్చుంది. ఇల్లంతా మాడు కంపు నిండింది. ఆయన గారె తిరగేశాడు.

"ఆదిశేషు గారూ, నువ్వులు మాడిపోయాయి."

ఆయన తిరిగి చూసి, మూకుడు చేత్తోనే పట్టుకుని దించి, వేళ్ళు కాల్చుకున్నాడు. నువ్వులు బొగ్గులా ఉన్నాయి.

"ఎన్నాళ్ళయింది?" అంది దమయంతి.

"పదిహేను నెలలమ్మా."

ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టింది. "పోయినేడు తిథి దాని తర్వాతే కదా. అందరిళ్ళల్లో మీ పక్కనుండి దగ్గే మీనాక్షి గారు కూడా పోయినేడు రాలేదు, నడుం పట్టేసిందని. ఉప్పు ఎలా చూశారు?"

పుస్తకం చూసి వేశానని అనొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. పోయినేడు అసలు పుస్తకమే లేదు.

"మీరు పూలు కోయడానికి బ్యాక్‌యార్డ్‌లోకి వెళ్ళినప్పుడు..." అని ఆగాడు. "నోట్లో వేసుకున్నానమ్మా. పులుసు."

దమయంతి నూనెలో గారెలు నల్లబడుతుంటే లేచి వచ్చి తనే స్టవ్ కట్టేసింది.

"ఆయనకి ఎంగిలి కూడు పెట్టానన్నమాట" అంది. గొంతు పెంచలేదు. అరిస్తే బాగుండుననిపించింది ఆయనకి.

"తప్పేనమ్మా. పోయినేడు మీరు ఆ తిథి గురించి రెండు నెలల ముందు నుంచి చెప్పుకుంటూ వచ్చారు. ఆ రోజు పులుసు చెడితే..."

"చెడితే చెడిందని తినేదాన్ని." ఆవిడ గరిటె అందుకుంది. "మీరు బయట ఉండండి. నేను చేసుకుంటాను."

"మీకు అలవాటు లేదు కదమ్మా."

"బయట ఉండండి."

ఆయన చెక్కమెట్ల మీద నిలబడ్డాడు. గాలికి పంచె కాళ్ళకి చుట్టుకుంటోంది. ఎదురుగా సూర్యప్రకాశరావు చూడాలనుకున్న సరస్సు, నీలంగా, అవతలి ఒడ్డున కొండలు చిన్నగా కనపడేంత పెద్దగా. ఆయన దాన్ని చూడలేదు. కిటికీ అద్దంలోంచి వంటింట్లోకే చూస్తున్నాడు. దమయంతి పప్పులో నీళ్ళు ఎక్కువ పోసింది. అరటికాయ ముక్కలు ఒకటి చిన్నగా, ఒకటి పెద్దగా కోసింది. గారెల జోలికి పోలేదు. పులుసు మరిగాక ఉప్పు వేసి, మూత తీసి, ఆయన ఎన్నోసార్లు చేయగా చూసినట్టే ముఖం వంచి గాలి పీల్చింది. ఆవిడ ముక్కు బాగానే పనిచేస్తుంది, కానీ అది ఏం చెప్తోందో ఆవిడకి తెలియలేదు. తలెత్తి అద్దంలోంచి ఆయన వైపు చూసింది. సరిపోయిందా అని అడుగుతున్నట్టుంది.

ఆయన తెలియదన్నట్టు చేతులు విప్పాడు.

ఆవిడ అలాగే ఫోటో ముందు వడ్డించింది. కాసేపు కూర్చుంది. తర్వాత తలుపు తీసి బయటికి వచ్చింది.

"శశికాంత్‌కి, వాళ్ళకి మీరే చెప్పండి. నేను చెప్పను" అంది.

"ఇంకా అయిదు రోజులుందమ్మా. శాంటియాగో వెళ్ళాక చెప్తాను. ఈ అయిదు రోజులూ వంట గడిచిపోతే..."

"వచ్చే నెల ఫ్రిస్కోలో సునందా వాళ్ళింట్లో తద్దినం ఉంది. మీరు డేట్ ఇచ్చారని చెప్పింది. శాంటియాగోలో మీరు చెప్పరు. నాకు తెలుసు, మీకూ తెలుసు."

ఆయనకీ తెలుసు.

ఒంటిగంటకి రేవు దగ్గర మాటలు వినిపించాయి. చలికి బుగ్గలు ఎర్రబడి, ఆకలి మీద, ఒకరినొకరు పట్టుకుంటూ మెట్లెక్కుతున్నారు. అందరికంటే ముందు శశికాంత్.

"ఏంది బాబాయ్, మాడు వాసన కిందిదాకా కొడుతుంది. ఏం మాడబెట్టిన్రు?"

"నువ్వులు" అన్నాడు ఆదిశేషు. "మాడినట్టు నాకు తెలియలేదు."

"మీకు తెల్వకపోవుడేంది" అని శశికాంత్ నవ్వాడు.

"నాకు వాసన తెలియదు శశికాంత్ గారూ. పదిహేను నెలలైంది. మొన్న గ్లాసులో కూడా ఏమీ తెలియలేదు. ఊహించి చెప్పాను." ఆయన కాలిన వేళ్ళు పంచెలో దాచుకున్నాడు. "మీ అందరిళ్ళల్లోనూ ఈ పదిహేను నెలలూ అలాగే వండాను. మీ అమ్మగారి తద్దినానికి కూడా."

శశికాంత్ నవ్వు ఆపి, గుమ్మంలో నిలబడ్డ దమయంతి వైపు చూశాడు. ఆవిడ కాదనలేదు. మెట్ల మీద ముందువాళ్ళు ఆగిపోయారు. కిందనుంచి వస్తున్న వాళ్ళకి ఏమీ వినపడలేదు. ఎందుకు ఆగారో తెలియక వాళ్ళలో ఒకావిడ పైకి కేకేసి, గారెలు వేడిగా ఉన్నాయా అని అడిగింది.