ఎనిమిదో తరగతిలో ఎన్నిక

ఎనభైల మొదట్లో గురజాల దగ్గరి ఒక ఊరి హైస్కూల్లో తెలుగు టీచరుగా చేరాను. పక్క గదిలో సోషల్ మాస్టారి క్లాసు ఉంటే నా పాఠం ఎవరూ వినేవారు కాదు. చెవులన్నీ అటే. నాకు కొంచెం కుళ్లుగానే ఉండేది.

పంచాయతీల పాఠం వచ్చినప్పుడు ఆయన ఎనిమిదో తరగతిలో ఏకంగా ఎన్నిక పెట్టేశారు. సుద్దముక్కల డబ్బాకు చీలిక పెట్టి ఓట్ల పెట్టె చేశారు. వేలికి సిరా చుక్క. సర్పంచి గారబ్బాయి, ఆయిల్ ఇంజన్లు బాగుచేసే సాయిబు గారమ్మాయి నిలబడ్డారు. తాగే నీళ్ల కుండ రోజూ నింపిస్తానంది ఆ పిల్ల. గెలిచింది. మర్నాటి నుంచి వంతులు వేసి నిజంగానే నింపించింది.

నాలుగో రోజు సర్పంచి స్టాఫ్ రూముకి వచ్చాడు.

“ఏంది హెడ్మాస్టారూ, బళ్లో పార్టీలు పెడతన్నారంట? మావోణ్ణి నిలబెట్టి మరీ ఓడగొడతారా? ఊరంతా నవ్వతన్నారు.”

“పాఠమే చెప్పానండీ,” అన్నారు సోషల్ మాస్టారు. “ఆ పిల్ల గెలిస్తే ముందు చప్పట్లు కొట్టింది మీ అబ్బాయే.”

ఆ మాటతో సర్పంచి మొహం ఇంకా కందిపోయింది.

మధ్యాహ్నం హెడ్మాస్టరు ఒక కాగితం తెచ్చారు. సిలబస్ వదిలేసి పిల్లలకు రాజకీయాలు నూరిపోస్తున్నారని మా అందరి తరఫున ఫిర్యాదు.

“పెట్టమ్మా సంతకం. నీ ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు గదా,” అన్నారు.

పెట్టాను. చదవకుండా పెట్టానని చెప్పుకోవడానికి కూడా లేదు. రెండుసార్లు చదివి పెట్టాను.

నెల తిరక్కుండా మాస్టారిని మాచర్ల అవతలి ఒక చిన్న ఊరికి బదిలీ చేశారు. ఫిర్యాదు నకలు ఆయన చేతికీ వచ్చింది. వెళ్లే రోజు నా దగ్గరికొచ్చి, “పంచాయతీ పాఠంలో పన్నుల సంగతి మిగిలిపోయింది. వీలైతే మీరు చెప్పండమ్మా,” అన్నారు. అంతే. నన్ను ఒక్క మాట అనుంటే బాగుండేది.

నేను చెప్పలేదు. కొత్తగా వచ్చినాయన నోట్సు చదివి రాయించేవాడు. ఆ అమ్మాయి బడికి రావడం మానేసింది. ఇంటికెళ్లి అడిగితే తండ్రి తల దించుకున్నాడు.

“సర్పంచిగారి ఇంజన్ల మీదే బతుకుతున్నామమ్మా. ఆయనతో పెట్టుకుని ఈ ఊళ్లో ఎట్టా ఉండాల?”

పిల్ల తలుపు వెనక నిలబడి వింటోంది. నన్ను లోపలికి రమ్మనలేదు.

రిటైరైన రోజు నన్ను సన్మానించారు. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క ఫిర్యాదూ లేని టీచరని పొగిడారు. శాలువా కప్పించుకుని కూర్చున్నాను.